చంపిందెవరో మా అన్న చెప్పేశాడు

చిక్కబళ్లాపురంలో మా కాలేజీ ఆఫీసులో నాకొక పేరుంది. చూడదగ్గ సస్పెన్స్ సినిమా ఏదని ఎవరికి అనుమానం వచ్చినా నా బల్ల దగ్గరికే వస్తారు. ప్రిన్సిపాల్ వస్తాడు, అటెండరు వస్తాడు, కొడుకు ఫీజు కట్టడానికొచ్చిన తండ్రి ఫీజు సంగతి మరచిపోయి ఫోను తెరిచి ముందు పెడతాడు. "ఈటిలో ఏది బాగుండాది సార్, చెప్పండి" అంటాడు. శనివారం సాయంత్రం నా ముందు నిలబడే వరుస నంది కొండ మెట్లదాకా పోతుంది. సరే, అంత కాదు, బస్టాండుదాకా అనుకోండి.

నేను ఒక్కొక్కరి ముఖం చూసి, వైద్యుడు నాడి పట్టినట్టు పట్టి, ఇది చూడు, అది చూడకు అని చెబుతాను. వాళ్లు చూసొచ్చి దండం పెడతారు. ఇంత విద్య ఎలా అబ్బిందని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఒక్కదాన్ని మినహాయిస్తే, నేను చూసిన సస్పెన్స్ సినిమాలన్నిట్లోనూ హంతకుడెవరో హాల్లోకి అడుగు పెట్టకముందే నాకు తెలుసు. మా అన్న చెప్పేసేవాడు.

మాది బాగేపల్లి తాలూకా, చాకవేలు దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. పట్టుపురుగులున్న ఇల్లంటే బాలింత ఉన్న ఇల్లే. గట్టిగా తుమ్మకూడదు, అగరొత్తి వెలిగించకూడదు, ఎవరుబడితే వాళ్లు లోపలికి రాకూడదు. గూళ్లు కట్టే ముందు వారం రోజులు వాటి ఆకలి చూడాలి. మా ఇంట్లో పురుగులు ఆకు నమిలే చప్పుడు విని పక్కూరి ఆడవాళ్లు వానొచ్చిందని మిద్దె మీది వడియాలు ఎత్తిపెట్టుకునేవాళ్లు. అలాంటి ఇంట్లో అందరూ కలిసి సినిమాకు పోవడమన్నది ఉండదు. ఒకరు పోతారు, మిగిలినవాళ్లు ఆకు వేస్తారు. పోయినవాళ్లు తిరిగొచ్చి, పురుగుల తట్టల పక్కన పీట వేసుకుని, సినిమా మొత్తం చెప్పాలి. పాటలు పాడాలి, ఫైట్లు చేసి చూపించాలి. మా వైపు ఇళ్లలో చాలామంది సగం సినిమాలు అలా పురుగుల మధ్యనే చూశారు. పురుగులు కూడా చూశాయి.

ముందు పోయేది పెద్దవాడు. మా ఇంట్లో పెద్దవాడు అన్న.

కథ చెప్పేవాళ్లు మొదటినుంచి చెబుతారు. మా అన్న అలా కాదు. సైకిలు ఇంకా వీధి మలుపులో ఉండగానే అరిచేవాడు.

"ఒరేయ్, చంపింది ఆ డాక్టరు రా!"

"ఎవుర్ని నాయనా? యాడ?" అని అమ్మ చేట పారేసి పరుగెత్తుకొచ్చేది.

"సినిమాలో మా!"

అమ్మకు ఊపిరి తిరిగొచ్చేది. నాకు పోయేది. వచ్చే వారం నా వంతు. అదే డాక్టరు తెర మీద నవ్వుతూ పిల్లలకు చాక్లెట్లు పంచుతుంటే, హాలంతా "ఎంత మంచోడప్పా" అని మురిసిపోతుంటే, నేను ఒక్కణ్ణే పళ్లు కొరుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

ఇంట్లో చిన్నవాడికి దక్కేవన్నీ ఇంతే. అన్న తొడిగి విడిచిన చొక్కా, అన్న చదివి అట్ట ఊడగొట్టిన పుస్తకం, అన్న చూసి పారేసిన సినిమా. చొక్కా గురించి నాకు కోపం లేదు. పుస్తకం గురించి అసలే లేదు. కానీ ఒక్కటంటే ఒక్క సినిమా ముగింపు మా అన్న నోట్లోంచి కాకుండా తెర మీదినుంచి నాకు తెలియాలి. నలభై దాటేదాకా ఆ కోరిక తీరలేదంటే నవ్వుతారు. నవ్వండి. మీకు అన్న లేడేమో.

నేనూ ఊరకే కూర్చోలేదు. ఒకసారి చెవుల్లో దూది కుక్కుకున్నాను. అన్న నా ముందు ఈ గోడనుంచి ఆ గోడదాకా కుంటుకుంటూ నడిచి చూపించాడు. ఆ సినిమాలో కుంటేవాడు ఒక్కడే. ఇంకోసారి చూడకుండానే చూశానని అబద్ధం చెప్పాను. "అయితే ఆ లాయరు కడాకి అట్ల తిరగబడతాడని నువ్వు అనుకున్నావా?" అన్నాడు. నా పెళ్లిలో అక్షింతలు వేయడానికి పీటల దగ్గరికొచ్చి, వంగి, చెవిలో "వంటామె రా" అని చెప్పి పోయాడు. పెళ్లికూతురు అది ఏదో ఆశీర్వాదమనుకుంది. నా కళ్లలో నీళ్లు చూసి అన్నదమ్ముల ప్రేమ అనుకున్నారు బంధువులు.

నేను ఉద్యోగానికి చిక్కబళ్లాపురం వచ్చేశాక బతికిపోయాననుకున్నాను. కానీ అన్న అప్పటికి పట్టుగూళ్లు అమ్మడానికి చింతామణి మార్కెట్టుకు పోవడం మొదలుపెట్టాడు. పొద్దున వేలం అయిపోతుంది, మధ్యాహ్నం మ్యాట్నీ ఉంటుంది. ఏ సినిమా వచ్చినా నాకంటే ముందు చూసేవాడు. ఆ తర్వాత దేశానికి మొబైల్ ఫోన్ వచ్చింది, నా నెత్తిన పిడుగు పడింది. హాల్లోంచే ఫోన్ చేసేవాడు. నేను ఫోన్ ఆపేస్తే కాలేజీకి చేశాడు. ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయి నా బల్ల దగ్గరికొచ్చాడు.

"మీ యన్న ఫోన్ చేసిండారు. అర్జెంటంట. వాచ్‌మన్ తమ్ముడేనంట. ఎవరికైనా ఏమన్నా అయిందా? రజా కావల్లా?"

రజా అంటే సెలవు. సెలవు తీసుకున్నాను. ఇంట్లో పడుకుని గోడవైపు తిరిగాను.

ఇన్నేళ్ల శిక్షలో నాకు మిగిలింది ఒక్కటే, ఈ విద్య. హంతకుడెవరో తెలిసీ చూస్తే సినిమా బండారం మొత్తం బయటపడుతుంది. ఆఖరి పది నిమిషాల కోసం రెండు గంటలు మనల్ని కట్టేసేవి అక్కడికక్కడే కూలిపోతాయి. అంతదాకా కనబడనివాడు చివర్లో వచ్చి "నేనే" అంటే అది సస్పెన్స్ కాదు, దౌర్జన్యం. దొంగ దొరికాక నిలబడి, ఎలా చేశాడో తీరిగ్గా ఉపన్యాసం ఇచ్చే సినిమాలు ఉన్నాయి, వాటిని ఫోన్లో వేగంగా తిప్పేయొచ్చు. వాన పడితే భయం పుడుతుందనుకునే దర్శకులు మా బాగేపల్లికి వచ్చి వాన కోసం ఒక ఏడాది ఎదురుచూస్తే భయమంటే ఏమిటో తెలుస్తుంది.

చూడదగ్గవి వేరు. ఒక సినిమాలో ఒక ముసలామె ఇల్లంతా తాళంచెవి వెతుకుతుంది. మంచం కింద ఎవడున్నాడో నాకు తెలుసు, అన్న చెప్పేశాడు. అయినా ఆమె మంచం దగ్గరికి వచ్చేసరికి నేను కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాను. ఇంకో దానిలో పోలీసాయన, దొంగ ఒకే బల్ల దగ్గర ఇడ్లీ తింటారు. చట్నీ గిన్నె ఇటు జరుగుతుంది, అటు జరుగుతుంది, అంతే. తెలిసినవాణ్ణి, నాకే గుటక పడలేదు. ముగింపు తెలిసినా పట్టుకుని వదలనిది గొప్ప సినిమా. నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లకు ఆ రకానివే చెబుతాను. వాళ్లు నన్ను మేధావి అనుకుంటారు. నేను కాలినవాణ్ణి, అంతే.

ఇక ఆ ఒక్క సినిమా సంగతి.

మొదట అది తెలుగులో వచ్చింది. తెలుగు సినిమాలకు బాగేపల్లే మాకు రాజధాని. కథంతా ఒక పెళ్లింట్లో. పెళ్లికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు, ఎవరు చంపుతున్నారో తెలియదు. అన్న చూసిన రోజే ఫోన్ చేశాడు. "పెళ్లికూతురి మేనమామ రా! తాళిబొట్టు తట్ట పట్టుకుని ఏడుస్తాంటాడే, వాడే!" నేను ఆ సినిమా వైపు కూడా చూడలేదు.

కొన్నాళ్లకు దాన్నే కన్నడంలో తీశారు. ఆ రోజు నేను కాలేజీ పని మీద చింతామణిలో ఉన్నాను. కలవాల్సిన అధికారి మీటింగుకు పోయాడు, మధ్యాహ్నం తర్వాత రండి అన్నారు. ఎండ ఎలా ఉందంటే, నా నీడ కూడా పక్కనున్న చెట్టు కిందికి పోయి నిలబడింది. ఎదురుగా సినిమా హాలు, అందులో ఆ సినిమా. చల్లగా నిద్రపోదామని లోపలికి పోయాను.

తెర మీద మేనమామ రాగానే నాకు ఒళ్లు మండింది. "రారా నాయనా, నీ సంగతి నాకు తెలుసు" అనుకున్నాను. ఆయన ముగ్గురి చావులకూ ఏడ్చాడు. ఏడువు ఏడువు అనుకున్నాను. ఇంటర్వెల్‌కు ముందు ఆయన సామాన్ల గదిలోకి బెల్లం తేవడానికి పోయాడు. ఎవణ్ణి చంపుతాడోనని చూస్తున్నాను. తలుపు మూసుకుంది. తెరుచుకుంది. బెల్లం బుట్టల మధ్య మేనమామ చచ్చిపడి ఉన్నాడు. మెడలో కత్తి.

నేను లేచి నిలబడ్డాను. వెనక వరసవాళ్లు తిట్టారు. కూర్చున్నాను, మళ్లీ లేచాను. హంతకుడే చచ్చిపోతే హంతకుణ్ణి చంపిందెవరు? నా గుండె కొట్టుకున్న చప్పుడుకు హాల్లో లైట్లు వెలిగాయి. కాదు, ఇంటర్వెల్ అయ్యింది.

బయట బోండాలు తింటున్న పెద్దాయన నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, ఇట్ల చెమట పట్టిండాది? షుగరుండాదా?"

"మేనమామ చచ్చిపోయినాడు కదప్పా!"

"సచ్చిపోతే? నీ మేనమామా ఏమన్నా?"

"అతనే చంపింటాడనుకున్నా."

"పాపం, ఆయప్పనా?" పెద్దాయన నొచ్చుకున్నాడు. "దేవుని యేషాలేసే మనిషప్పా ఆయన. ఆయన్ని అట్ల చూపిస్తే కన్నడమోళ్లు హాలు ఉంచుతారా?"

అప్పుడు అర్థమైంది. తెలుగులో హంతకుడి వేషం కన్నడంలో సాధువులాంటి నటుడికి పడింది. జనం ఒప్పుకోరని ముగింపు మార్చేశారు. నా ముందు ఒక గంట సినిమా మిగిలి ఉంది. అందులో ఏముందో నాకు తెలియదు. అన్నకూ తెలియదు.

ఆ గంట ఎలా గడిచిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు, చాలినా మీరు నమ్మరు. పూజారిని అనుమానించాను. పెళ్లికొడుకును, పెళ్లికొడుకు తల్లిని, వంటవాణ్ణి, పందిరి గుంజకు కట్టేసిన మేకను అనుమానించాను. కుర్చీ చెయ్యి విరిగింది. అంతకుముందే విరిగి ఉందని హాలువాళ్లు అన్నారు, నేను ఒప్పుకోను. చివరికి చంపింది పెళ్లి ఫోటోలు తీసేవాడని తేలింది. ప్రతి చావు దగ్గరా ఉన్నాడు, కెమెరా ఉంది కదాని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు! "అయ్యో!" అని అరిచాను. హాలంతా అరిచింది. జీవితంలో మొదటిసారి అందరితోపాటు అరిచాను.

అధికారిని కలవలేదు. బాగేపల్లి బస్సెక్కాను. పొద్దు ఉండగానే మా పల్లెలో దిగాను. పురుగులు చివరి ఆకలి మీదున్నాయి. అన్న ఆకు బుట్ట చంకన పెట్టుకుని తట్టల మధ్య తిరుగుతున్నాడు, వదిన ఆకు పరుస్తోంది, అమ్మ గడపలో కూర్చుని కాడలు వేరు చేస్తోంది.

"ఏంరా, చెప్పకుండా వచ్చినావు? అందరూ బాగుండారా?" అంది అమ్మ.

"మేనమామ కాదు మా!"

అమ్మ చేతిలో ఆకు జారిపోయింది. "మా యన్నకేమయిందిరా?"

"సినిమాలో మేనమామ మా."

"నీ సినిమాలకు మన్ను పడ" అంది అమ్మ, మళ్లీ ఆకు అందుకుంటూ.

అన్నకు చెప్పాను. ఆ పెళ్లింటి సినిమా కన్నడంలో చూసొచ్చాననీ, చంపింది మేనమామ కాదనీ. అన్న బుట్ట దించలేదు.

"మేనమామే" అన్నాడు.

"మేనమామ ఇంటర్వెల్‌కు ముందే చచ్చిపోయినాడన్నా."

"నిద్రపోయుంటావు."

"నిద్రా? సీట్లో ఆనలేదు నేను!"

"అయితే కన్నడం నీకు అర్థమయ్యిండదు."

నేను రోజంతా కన్నడంలో అర్జీలు రాసి, కన్నడంలో తిట్లు తిని, కన్నడంలో కలలు కనేవాణ్ణి. "మెడలో కత్తి దిగేది అర్థమయ్యేదానికి కన్నడం యాలన్నా?" అన్నాను.

"చచ్చినట్ల నాటకమాడింటాడు. కడాకి లేస్తాడు చూడు."

"కాల్చేసినారన్నా! బూడిద గూడా చూపించినారు."

వదిన నవ్వు ఆపుకోలేక తట్ట పక్కన పెట్టింది. "పోనీలేప్పా. వాడే చంపినాడని మీ యన్న చెప్పినాక, ఆ సచ్చినోడు బూడిదలోంచి లేచొచ్చయినా చంపల్ల."

అన్న బుట్ట దించాడు. తర్వాత మెల్లగా, పురుగుల వైపు చూస్తూ అడిగాడు.

"అయితే ఎవురు చంపింది?"

ఆ ప్రశ్న కోసం నేను పుట్టినప్పటినుంచి ఎదురుచూశాను. వెంటనే చెప్పలేదు. చెంబెడు నీళ్లు తాగాను. ముఖం తుడుచుకున్నాను. అప్పుడు చెప్పాను. "ఫోటోలు తీసేవాడు."

"యాడన్నా ఉంటాదా? ఒగ సినిమాకు ఇద్దురు హంతకులా?" అన్నాడు అన్న. గొంతులో పట్టు లేదు. "నేను చూడల్ల."

కానీ పురుగులను విడిచి పోలేడు. నేనే అన్నాను, రేపు నువ్వు పో, ఆకు నేనేస్తాను అని. ఇంత ఉదారంగా నేను ఎవరికీ ఏదీ ఇవ్వలేదు. తెర మీద మేనమామ చచ్చేటప్పుడు అన్న ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ మరునాడు కొండంత ఆకు వేశాను. ఇంటికొచ్చి తల వంచుకుని "నువ్వు చెప్పిందే నిజం రా" అంటాడు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ ఒక్క మాట కోసం నడుము విరిగినా సంతోషమే. విరిగింది కూడా.

సాయంత్రం పాల డెయిరీకి పోయిన వదిన ఖాళీ క్యాను ఊపుకుంటూ వచ్చింది.

"ఏమప్పా, డెయిరీ కాడ అందరూ మీ యన్న మాటే చెప్పుకుంటాండారు. తెలుగులో మేనమామంట, కన్నడంలో ఫోటోలోడంట, ఎవురికీ తెలీదంట. మీ యన్న కనిపెట్టినాడంట. చింతామణి నుంచే ఫోన్లు చేసినాడంట."

"నేను కద వదినా చెప్పింది? నిన్న, ఈడనే, నీ ముందరే!"

"నువ్వు చెప్పినావులే" అంది వదిన, జాలిగా. "నువ్వు చెప్తే కత. మీ యన్న చెప్తే జరిగినట్ల."

ఇంతలో మోటారు సైకిలు చప్పుడు. అన్న చెప్పులు కూడా విడవలేదు.

"ఒరేయ్, చంపింది ఫోటోలు తీసేవాడు రా!"

నాతోనే అన్నాడు. నా ముఖంలోకి చూసే అన్నాడు. వేళాకోళమేమోనని వెతికాను, లేదు. ముఖం పండగలా వెలుగుతోంది. నిన్న నేను చెప్పినమాట ఆ తలలో ఎక్కడా ఆనలేదు. దబాయించి ఉంటే పోట్లాడేవాణ్ణి. నిజంగా మరచిపోయినవాడితో ఎవరు పోట్లాడగలరు?

పీట వేసుకుని కూర్చుని అమ్మకు మొదలుపెట్టాడు. మేనమామ ఎలా పడ్డాడో పడి చూపించాడు. కెమెరా ఎలా ఎత్తాడో చెంబుతో చూపించాడు. అమ్మ నోరు తెరిచి వింది. నేను ఆకు వేస్తూనే ఉన్నాను. అంతా అయ్యాక అమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నువ్వూ పోయి చూసిరాపో నాయనా. మీ యన్న చెప్తాండాడు, భలే ఉండాదంట."

పోయాను. మరునాడు చిక్కబళ్లాపురం పోవాల్సినవాణ్ణి చింతామణిలో దిగి, అదే హాల్లో, అదే ఆట. సినిమా మొదలైన కాసేపటికే దాని బండారం తెలిసిపోయింది. ఫోటోలవాడు ప్రతి సీనులోనూ "నేనే, నేనే" అన్నట్టు గుడ్లు తిప్పుతున్నాడు. గుడ్డివాడికి కూడా దొరికేవాడు. నా లెక్కలో అది చూడదగ్గ సినిమా కాదు, నా బల్ల దగ్గరికి వచ్చిన ఎవరికీ నేను దాని పేరు చెప్పలేదు, చెప్పను. సామాన్ల గది తలుపు తెరుచుకుంది. మేనమామ బెల్లం బుట్టల మధ్య పడి ఉన్నాడు. హాలంతా "అయ్యో" అంది. మొన్న నాకేమీ తెలియకుండా పోయిన చోటు ఇదే. నేను లేచాను.

గేటు దగ్గర కూర్చున్నాయన ఆశ్చర్యపోయాడు. "యాల సార్, పోతాండారు? అసలు కత ఇంగ ముందరుండాది."

"నాకు ఇంతే చాలప్పా."

"చంపిందెవురో తెలుసుకోరా?"

"తెలీదు" అన్నాను. "చెప్పొద్దు." చెప్పులు చేతిలో పట్టుకుని బస్టాండుకు పరుగెత్తాను.